మంద్రం మధ్యలో ఉంటుంది

పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రం పూట కోదాడ నుంచి అనంతగిరి వైపు గానీ, హైవే మీద సూర్యాపేట వైపు గానీ వెళ్లేవాళ్లకు ఫంక్షన్ హాలు కంటపడక ముందే లోపల ఆర్కెస్ట్రా నడుస్తున్న సంగతి తెలిసిపోతుంది. ఏ పాటో తెలియదు. పాడేది ఆడగొంతో మగగొంతో తెలియదు. ఒక దడ మాత్రం తెలుస్తుంది. ఇంతవరకూ వింతేమీ లేదు. వింత లోపల మొదలవుతుంది. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుని, వేదిక మీద బేస్ గిటార్ వాయించే కుర్రాడి వేళ్లు చూస్తూ వింటే, ఆ వేళ్లు మీటుతున్నదానికీ చెవికి అందుతున్నదానికీ పొంతన కుదరదు. అతను నాలుగు వేర్వేరు స్వరాలు మీటుతాడు, మనకు నాలుగుసార్లు ఒకే బరువు తగులుతుంది. రోడ్డు దాకా వెళ్లగలిగిన వాద్యం ఇరవై అడుగుల దూరంలో ఎందుకు కలగాపులగమైపోతుంది? వినిపించడం లేదనలేం, వినిపిస్తోందనీ అనలేం. చిన్న బాండులో బేస్ బాగుండడమంటే ఏమిటో ఆలోచించాలంటే ఈ చిక్కు దగ్గరే మొదలుపెట్టాలని నాకు అనిపిస్తుంది. ఎందుకంటే దీనికి అందరూ చేసే వైద్యం ఒక్కటే: ఇంకో బేస్ బాక్సు తెప్పించడం, నాబ్ ఇంకాస్త తిప్పడం. ఆ వైద్యమే జబ్బును పెంచుతోందన్నది నా వాదన. బేస్ గిటార్‌ను శ్రోత గుర్తుపట్టేది దాని అడుగు భాగంతో కాదు, నడుమ భాగంతో.

బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగను ఏ మెట్టూ నొక్కకుండా మీటితే సెకనుకు 41 సార్లు, అంటే 41 హెర్ట్జ్ దగ్గర, కంపిస్తుంది. ఆ శబ్ద తరంగం పొడవు 8 మీటర్లు దాటుతుంది. అంటే చాలా పెళ్లి వేదికల వెడల్పంత. అంత పొడుగు తరంగాన్ని గట్టిగా పుట్టించాలంటే పెద్ద కోను, పెద్ద పెట్టె, బోలెడంత కరెంటు కావాలి. పుట్టించినా మన చెవి దాన్ని అంత సులువుగా ఒప్పుకోదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు మనిషి చెవి ఏ స్థాయి స్వరాన్ని ఎంత గట్టిగా వింటుందో కొలిచి చూపించారు. తర్వాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాలు ఆ కొలతలను ఇంకా సరిచేశాయి. మామూలు మాటల స్థాయిలో, అంటే 60 డెసిబెళ్ల దగ్గర వినిపించే 1000 హెర్ట్జ్ స్వరంతో సమానంగా 40 హెర్ట్జ్ స్వరం వినిపించాలంటే దానికి 30 డెసిబెళ్లకు పైగా అదనంగా ఇవ్వాలి. శక్తి లెక్కలో అది వెయ్యి రెట్ల పైమాటే. మరి 300 వాట్ల ఆంప్లిఫయర్ తీసేసి 600 వాట్లది పెడితే వచ్చేదెంత? 3 డెసిబెళ్లు. డబ్బు రెట్టింపు పెట్టినవాడికి చెవికి అందేది చిటికెడు. పైగా ఆ శక్తి హాలులో నిలవదు. గోడలు సన్నని స్వరాలను ఆపినంత బాగా లావు స్వరాలను ఆపలేవు. అందుకే పాటలోని మాటా, రాగమూ లోపల ఉండిపోయి, అడుగు ఒక్కటే రోడ్డెక్కుతుంది. బయటివాడికి వినిపించే దడ లోపలి బేస్ బాగుందనడానికి గుర్తు కాదు. అది లోపల నిలవకుండా జారిపోయిన సంగీతం.

అడుగు అంత అవసరమే అయితే ట్రాన్సిస్టర్ రేడియోలో బేస్ ఎలా వినపడింది? ఈ ప్రశ్న ఎవరూ ఎందుకు అడగరో నాకు అర్థం కాదు. అరచేతి వెడల్పు కూడా లేని స్పీకర్ 41 హెర్ట్జ్ దాకా ఎందుకు, 100 హెర్ట్జ్ దగ్గర కూడా సరిగా పలకదు. అయినా 1989లో వచ్చిన ‘గీతాంజలి’ పాటలను ఆ డబ్బాల్లోనే విన్న తరం, ఇళయరాజా వేసిన బేస్ వరుసలను పల్లవితో పాటు కూనిరాగం తీయగలదు. ఆయన బృందంలో బేస్ గిటార్ వాయించిన శశిధరన్ పేరు చాలామందికి తెలియకపోవచ్చు గానీ ఆయన వేళ్ల నడక తెలుసు. రహస్యం చెవిలో ఉంది. తీగ ఎప్పుడూ ఒక్క స్వరాన్నే పలకదు. 41తో పాటు 82, 123, 164 హెర్ట్జ్ దగ్గర కూడా పలుకుతుంది. అడుగున ఉన్న 41ని మొత్తం తీసేసినా, పైవాటి మధ్య ఉన్న సమాన దూరాన్ని పట్టుకుని మెదడు ఆ లేని స్వరాన్ని ఊహించి నింపుకుంటుంది. కాబట్టి మనకు కావలసిన మంద్రం పెట్టెలోంచి రానక్కరలేదు, దాని ఆనవాళ్లు వస్తే చాలు. ఆ ఆనవాళ్లన్నీ నడుమనే ఉంటాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతీ కాదు, విద్యుత్తు వచ్చాక పుట్టిన సంగతీ కాదు. తంబురను చూడండి. తీగకూ దాని కింది బ్రిడ్జికీ మధ్య సన్నని నూలు పోగు పెట్టి, అటూ ఇటూ జరిపి, ఒకచోట ఆపుతారు. ఆ పోగు లేకపోతే తీగ మూగగా మోగి ఊరుకుంటుంది. పోగు సరిగ్గా కుదిరాక పై స్వరాలన్నీ విచ్చుకుని మంద్ర షడ్జం గదంతా నిండుతుంది. అడుగు స్వరాన్ని నింపడానికి మన పెద్దలు తంబుర బుర్రను పెంచుకుంటూ పోలేదు, పై స్వరాలను లేపారు. 1921లోనే సి.వి. రామన్ తంబుర, వీణల్లోని ఈ విశేషం మీద వ్యాసం రాశారు. మృదంగం కథ ఇంకోలా ఉంటుంది. ఎడమ వైపు చర్మానికి కచేరీకి ముందు తడి రవ్వ ముద్ద పెట్టి శ్రుతి దించుతారు, ఎక్కువైతే కాస్త తీస్తారు, తక్కువైతే కలుపుతారు. ఆ ముద్దను ఏ రోజుకారోజు, ఏ చోటికాచోట సరిచూసుకోవలసిందే. నిన్నటి హాలులో కుదిరిన సెట్టింగును ఫోనులో ఫొటో తీసుకుని ఇవాళ్టి హాలులో యథాతథంగా దించే అలవాటుకు మృదంగ విద్వాంసుడి రవ్వ ముద్ద చాలినంత జవాబు.

మరి బేస్ వాయించేవాళ్లు నడుమ భాగాన్నే ఎందుకు తగ్గిస్తారు? తగ్గిస్తే ఒంటరిగా బాగుంటుంది కాబట్టి. కార్యక్రమానికి ముందు, మిగతావాళ్లు వైర్లు సర్దుకుంటూ ఉండగా, ఒక్కడే నాలుగు స్వరాలు మీటి చూసుకునేటప్పుడు, అడుగు పెంచి, పైన మెరుపు పెంచి, మధ్యలో లోయ తీస్తే శబ్దం నిండుగా, తియ్యగా, క్యాసెట్లో విన్నట్టే ఉంటుంది. బాండు మొత్తం మొదలయ్యాక ఏమవుతుంది? 100 నుంచి 250 హెర్ట్జ్ దాకా ఉన్న ఇరుకు సందులోకి ప్యాడ్స్ మీది కిక్, ఢోలక్ ఎడమ వైపు, కీబోర్డు వాయించే అతని ఎడమ చెయ్యి, మగ గాయకుడి కింది స్వరాలు, అన్నీ ఒకేసారి దిగుతాయి. అడుగు అక్కడ కలిసిపోయి బురదవుతుంది. మెరుపును తాళాలూ గొంతులూ కప్పేస్తాయి. బేస్‌ను పట్టిచ్చే 400 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య భాగాన్ని వాయించే అతనే కోసేసి ఉంటాడు. అప్పుడతను వాల్యూమ్ పెంచుతాడు. పెంచితే బురద పెరుగుతుంది, స్వరం పెరగదు. ఒంటరిగా విన్నప్పుడు కాస్త మొరటుగా, ముక్కుతో పలికినట్టు ఉండే బేసే బాండులో కలిసినప్పుడు స్పష్టంగా నడుస్తుంది. మాటల స్పష్టత ఎక్కువగా ఉండేది 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య. బేస్ 700, 800 దగ్గర కొద్దిగా లేచి నిలబడినంత మాత్రాన గొంతుకు అడ్డు రాదు. అడుగున 40 కిందిదంతా కోసేసినా ఎవరికీ నష్టం లేదు. 200 చుట్టుపక్కల ఒక చిన్న తగ్గింపు. అంతే. దీనికి కొత్త సామాను ఏదీ అక్కరలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా దాటేయకూడదు. మన జనానికి చెవి కంటే ఒంటితో వినడం అలవాటు, వాళ్లకు కదిలించే శబ్దం కావాలి, స్వరం ఎవడిక్కావాలి అంటారు. రెండేళ్లకోసారి సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి దగ్గర జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతర చూసినవాళ్లు ఈ మాట మరీ నమ్మకంగా అంటారు. భేరీలు, గజ్జెల లాగులు, ‘ఓ లింగా’ అన్న కేకలు కలిసినప్పుడు నేల కదులుతున్నట్టే ఉంటుంది, కాదనను. అయితే ఆ కదిలింపు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. అలాగే ఒంటితో వినే డప్పునే తీసుకోండి. దాని మేకతోలును వాయించే ముందు మంట దగ్గర కాస్తారు, ఎందుకు? బిగువు కోసం, పలుకు కోసం. చెమ్మ పట్టి వదులైన డప్పు లావుగానే మోగుతుంది, కానీ ఎవరూ దానికి అడుగు వెయ్యరు. సిర్ర అనే కర్రతో పడే దెబ్బకు ఉన్న అంచు, సిటికెన పుల్ల నింపే సన్నని చిటపట, వీటి వల్లే కాలు కదులుతుంది. అంటే ఒంటితో వినే వాద్యంలో కూడా పనిచేసేది పదును. పైగా భేరీకి గట్టు మీద నాలుగు గోడలు లేవు. దెబ్బ పడుతుంది, పోతుంది. దాన్ని తెచ్చి టైల్స్ పరిచిన హాలులో బేస్ గిటార్‌కు పోలిక పెట్టడం న్యాయం కాదు. భేరీని ఎవరూ ఏ స్వరం పలికావని అడగరు. బేస్ గిటార్‌కు ఉన్న పనే అది. పాటలో ఇప్పుడు ఏ స్వరం మీద నిలబడ్డామో చెప్పడం, మరుక్షణం ఎటు వెళ్తున్నామో ముందుగా సూచించడం.

హాలు సంగతి వచ్చింది కాబట్టి అక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. కాంక్రీటు గోడ, నున్నటి నేల, అద్దాల తలుపులు ఉన్న ఖాళీ హాలులో శబ్దం రెండు సెకన్ల దాకా తిరుగుతూ ఉండవచ్చు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఉన్న పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను. అంటే వాయించిన ప్రతి స్వరమూ చచ్చేలోగా దాని మీద ఇంకో నాలుగు వచ్చి పడతాయి. ఈ పరిస్థితిలో స్వరాన్ని సాగదీసేవాడు తన గొయ్యి తాను తవ్వుకుంటున్నట్టే. చిన్నగా మీటి, అరచేతి అంచుతో తీగను ఆపి, స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ ఉంచితే ఆ ఖాళీని హాలే నింపుతుంది. 1960లలో డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ గిటార్ మీద నున్నటి చుట్టు తీగలు ఉండేవి, బ్రిడ్జి మూత కింద తీగలకు ఆని ఒక స్పాంజి ముక్క ఉండేది. తీగ ఎక్కువసేపు మోగకుండా ఆపేది అదే. చూపుడు వేలు ఒక్కదానితో వాయించేవాడు. ఆ పాటలు కార్లలో, వీధి చివర దుకాణాల్లోని చిన్న రేడియోల్లో వినపడాలి, అక్కడే వినపడ్డాయి. ఇంకో సంగతి: ఖాళీ హాలులో చేసిన సౌండ్ చెక్ మనల్ని మోసం చేస్తుంది. జనం వచ్చి కూర్చున్నాక ఒళ్లూ బట్టలూ పై స్వరాలను బాగా పీల్చుకుంటాయి, అడుగును అంతగా పీల్చుకోలేవు. ఖాళీ హాలులో సరిపోయిన అడుగు నిండిన హాలులో ఎక్కువవుతుంది. టెంటు కింద లెక్క మారిపోతుంది. గుడ్డ లోంచి లావు స్వరం సాఫీగా బయటికి పోతుంది, తిరిగి వచ్చి సాయం చేసే గోడ లేదు. అక్కడ అడుగు కాస్త పెంచుకోవడం తప్పు కాదు. నా వాదనకు ఇది మినహాయింపని ఒప్పుకుంటాను.

రెండో అభ్యంతరం ఆర్కెస్ట్రా నడిపేవాళ్లది. బేస్ వాయించడానికి ఒక మనిషి ఎందుకు, కీబోర్డు ఎడమ చెయ్యి ఉంది కదా, రికార్డు చేసిన ట్రాక్ ఉంది కదా, ఒక మనిషి కూలీ మిగులుతుంది కదా అంటారు. మిర్యాలగూడలోనో కోదాడలోనో ఒక ముహూర్తానికి వచ్చే డబ్బును ఆరుగురు పంచుకోవలసిన బాండుకు ఇది చిన్న మాట కాదు, దాన్ని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. కానీ పోల్చవలసింది ఖరీదు ఒక్కటే కాదు. కీబోర్డు బేస్ ఎంత గట్టిగా నొక్కినా దాని ఆకారం పెద్దగా మారదు. వేలితో మీటిన తీగలో మొదటి చప్పుడు, ఒత్తిడి, స్వరం ఆపే క్షణం ప్రతిసారీ మారతాయి. పైన నేను చెప్పిన ‘ఆనవాళ్లు’ ఎక్కువగా ఉండేది ఆ మొదటి చప్పుడులోనే. ఢోలక్ వాయించే అతను ఒక గమకం దగ్గర కొద్దిగా సాగదీస్తే పక్కనున్న బేస్ మనిషి దానితో పాటు ఆగగలడు, ట్రాక్ ఆగదు. అయితే అడుగునంతా కలిపి ఒకే బురద చేసే బేస్ వాయిద్యకారుడి కంటే కీబోర్డు ఎడమ చెయ్యే మేలు అని కూడా అంతే నిజాయితీగా చెప్పాలి. మన చిన్న పట్టణాల్లో ఈ వాద్యం చాలామంది చేతికి మొదట దొరికేది చర్చిలో. ఆదివారం ఆరాధనలో, క్రిస్మస్ కూడికల్లో, పాడేవాళ్ల వెనక నిలబడి, పాటను మొయ్యడమే పనిగా నేర్చుకున్న కుర్రాళ్లు పెళ్లి వేదికకు వచ్చాక సోలో వాయించాలని తొందరపడతారు. మొదట నేర్చుకున్నదే ఎక్కువ విలువైనదని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

సామాను మంచిది కాకపోతే చేతిలో ఎంత ఉన్నా ఏం లాభం అనే మాట కూడా ఉంది. అందులో నిజం ఉంది, కానీ జనం అనుకునే చోట లేదు. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి తెచ్చింది డాన్సు బాండ్లలో నిలువు బేస్ వినపడక, దాన్ని మోసుకు తిరగలేక అవస్థ పడుతున్న వాయిద్యకారుల కోసం. అప్పటి ఆంప్లిఫయర్లు ఈనాటి లెక్కలో బొమ్మలు. 1969లో ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల ఎస్‌విటిని, దానికి తోడు 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న పెట్టెను తెచ్చింది మైదానాలంత కచేరీల కోసం. ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ యాత్రలో అది వెళ్లింది. మూడు వందల కుర్చీల హాలులో ఆ ధ్వనిని వెతుక్కోవడం వల్లే ఇంత గొడవ. చిన్న బాండుకు నిజంగా కావలసినవి చిన్న చిన్న సంగతులే. గిటార్‌నూ మిక్సర్‌నూ కలిపే డీఐ బాక్సు ఒకటి. అది లేకుండా పొడుగు కేబుల్‌తో గిటార్‌ను నేరుగా మిక్సర్‌లో పెడితే తీగ పలుకంతా దారిలోనే ఆరిపోతుంది. జనరేటర్ మీద నడిచే రాత్రి వచ్చే హమ్మింగ్ చాలాసార్లు ఆ బాక్సు మీది గ్రౌండ్ లిఫ్ట్ మీటతో పోతుంది. యాక్టివ్ గిటార్ అయితే కొత్త 9 వోల్టుల బ్యాటరీ. బోలు వేదిక చెక్కల మీద ఆంప్ నేరుగా పెట్టకుండా కింద ఒక స్టాండు. బేస్ బాక్సులను వేదికకు ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి కాకుండా పక్కపక్కనే పెట్టించడం. ఈ చివరిది ఎంత ముఖ్యమో చెప్పాలి. రెండు బాక్సులు దూరంగా ఉంటే, వాటి నుంచి శ్రోత దాకా ఉన్న దూరాల్లో సగం తరంగమంత తేడా వచ్చిన చోటల్లా ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 60 హెర్ట్జ్ స్వరానికి ఆ తేడా దాదాపు 3 మీటర్లు. రెండిటికీ సరిసమానమైన దూరం ఉండేది హాలు నడిమధ్య గీత మీద. పెళ్లి హాలులో ఆ గీత మీద ఉండేది నడవ. అంటే బేస్ అందరికంటే బాగా అందేది ఎవరూ కూర్చోని చోట.

మైక్ సెట్ అతను మన మాట వినడు అన్నది చివరికి మిగిలే ఫిర్యాదు. వినకపోవచ్చు. రోజుకు మూడు చోట్ల పెట్టెలు దించి ఎత్తే మనిషికి ప్రతి బాండు బేస్ మనిషీ ‘ఇంకా కావాలి’ అనే చెబుతాడు; ‘అడుగు తగ్గించండి, నడుమ కొంచెం ఇవ్వండి’ అని అడిగినవాడిని అతను గుర్తుపెట్టుకుంటాడని నా నమ్మకం. అతనికీ ఒక భయం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు మోగకూడదు, నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45 డెసిబెళ్లు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించాక చిన్న ఊళ్లలో కూడా ఆ మాట నలుగుతోంది. ఫిర్యాదు చేసే పక్కింటి మనిషి పాట గురించి ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యడు. అతని దాకా పాట రాదు, అడుగే వస్తుంది. గోడ దాటేదాన్ని తగ్గించి లోపల వినిపించేదాన్ని పెంచుకునే వీలున్నప్పుడు సంగీతానికీ చట్టానికీ మధ్య తగవే లేదు.

శ్రోతలు బేస్‌ను పట్టించుకోరు కదా, ఇంత తపన ఎందుకని ఇంకా ఎవరైనా అడిగితే, శ్రోతల్ని వదిలి పాడే అమ్మాయిని అడగమంటాను. చరణంలో పై స్వరానికి ఎక్కి దిగేటప్పుడు ఆమెకు ఆధారం కావాలి, ఆ ఆధారం ఒకప్పుడు తంబుర, ఇప్పుడు చాలా వేదికల మీద బేస్. ఆమె ముందు పెట్టిన మానిటర్లోకి గొంతు, కీబోర్డు, ప్యాడ్స్ అన్నీ పంపుతారు గానీ బేస్ పంపించమని అడిగే బాండ్లు తక్కువ. దడ ఎలాగూ నేలలోంచి వస్తోంది కదా అనుకుంటారు. నేలలోంచి వచ్చే దడలో శ్రుతి ఉండదు. 100 హెర్ట్జ్ కిందిది కోసేసి, మిగిలినది కొద్దిగా, ఆమె గొంతు కంటే ఒక మెట్టు కింద, ఆ మానిటర్లోకి పంపించి ఒక రాత్రి పాడించి చూడవచ్చు. పంపించడానికి మిక్సర్‌లో ఒక్క నాబ్ చాలు.